మందకు దారి, ఆమెకు హక్కు
(ఒక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ 2022 మార్చిలో ఒక తీర్మానం చేసింది. 2026ను పచ్చిక బయళ్ళకూ, పశువుల మందల మీద బతికే వాళ్ళకూ అంకితమైన అంతర్జాతీయ సంవత్సరంగా ప్రకటించింది. మంగోలియా దేశం చొరవ తీసుకుంటే మిగతా దేశాలు ఒప్పుకున్నాయి. రుతువును బట్టి మందను తోలుకుపోయి, రుతువు మారగానే తిరిగి వచ్చే ఈ పాత పద్ధతిని గౌరవించాలని, దాని పేర పండుగ చేసుకోవాలని పిలుపు వచ్చింది. ఆ పండుగలో మన ఆడవాళ్ళ స్థానం ఏమిటో మాట్లాడమని నన్ను అడిగారు.

పండుగ వద్దని నేను అనను. 'చదువు అబ్బకపోతే గొర్లు కాసుకుంటావా' అని బళ్ళో పంతులు, ఇంట్లో తండ్రి పిల్లల్ని తిట్టే సమాజం మనది. ఆ తిట్టు విన్న ప్రతి గొల్ల పిల్లా, కురుమ పిల్లా తన తల్లిదండ్రుల పనిని చూసి సిగ్గుపడడం నేర్చుకుంది. అలాంటి చోట ఈ పనికి విలువ ఉందని పదిమంది ముందు చెప్పడం అవసరమే. అయితే డోలు కొట్టి, గొంగడి కప్పి, ఫొటో తీసుకుని వదిలేస్తే ఆ గౌరవం సాయంత్రానికే అయిపోతుంది. మందకు నడవడానికి దారి ఉందా, మేయడానికి నేల ఉందా, ఆ మందకు చాకిరీ చేసే ఆడమనిషి పేరు ఏ కాగితం మీదైనా ఉందా అన్న మూడు ప్రశ్నలు అడగకుండా చేసే పండుగ సగం పండుగే.

ముందు ఈ పద్ధతి ఎలా నడుస్తుందో చూద్దాం. పాలమూరునే తీసుకుంటాను, నాకు తెలిసిన ప్రాంతం కాబట్టి. వానాకాలంలో ఊరి చుట్టూ పంటలుంటాయి. మంద కాలు పెట్టే చోటు ఉండదు. అందుకని కాపరులు గుట్టలకూ, బీళ్ళకూ, నల్లమల అంచులకూ తోలుకుపోతారు. కోతలు అయిపోయాక ఊరి చేలు ఖాళీ అవుతాయి. జొన్న కొయ్యకాళ్ళు, రాలిన కంది ఆకు, గట్ల మీద గడ్డి కొన్నాళ్ళు సరిపోతాయి. ఎండలు ముదిరి కుంటలు ఎండిపోయే వేళకు మందలు కృష్ణా కాలువల కింది ఆయకట్టు వైపు, వరి కోసిన పొలాల వైపు నడుస్తాయి. తొలకరి పడ్డ కబురు అందగానే వెనక్కి తిరుగుతాయి.

ఒక్కొక్క ఇంటి మంద విడిగా పోదు. నాలుగైదు ఇళ్ళ వాళ్ళు కలుస్తారు. ఎవరి గొర్రె ఎవరిదో తెలిసేటట్టు గుర్తులు పెట్టుకుంటారు. దారి తెలిసినవాడు ముందు వెళ్ళి, గడ్డీ నీళ్ళూ చూసి, రైతులతో మాట్లాడి వస్తాడు. రాత్రి రైతు పొలంలో మంద కడతారు. వందల గొర్రెలు ఒక చోట పడుకుంటే వాటి పెంటికలూ మూత్రమూ నేలలో దిగుతాయి. దానికి రైతు ధాన్యమో డబ్బో ఇస్తాడు. రైతుకు బండెడు ఎరువు మోసే ఖర్చు తప్పుతుంది, కాపరికి తిండిగింజలు దొరుకుతాయి. కరువు ప్రాంతంలో ఒకచోట కూర్చుని వంద గొర్రెల్ని బతికించడం ఎవరి వల్లా కాదు. వాన ఎక్కడ పడితే గడ్డి అక్కడ మొలుస్తుంది, మంద అక్కడికి పోతుంది. ఇందులో దిక్కులేని తిరుగుడు ఏమీ లేదు. వానను చదివి వేసుకున్న లెక్క ఉంది.

2019 పశుగణనలో తెలంగాణలో ఒక కోటీ 90 లక్షలకు పైగా గొర్రెలు తేలాయి. దేశంలోకెల్లా ఎక్కువ. రెండో స్థానం ఆంధ్రప్రదేశ్‌ది, సుమారు ఒక కోటీ 76 లక్షలు. మన రెండు రాష్ట్రాలు కలిపితే దేశంలోని గొర్రెల్లో దాదాపు సగం. ఇంత సంపదను సాకుతున్నది ఎవరని అడిగితే, చేతిలో కట్టె, భుజాన గొంగడి ఉన్న మగమనిషి బొమ్మ చూపిస్తారు. ఆ బొమ్మ అబద్ధం కాదు. కానీ అందులో సగం మనుషులు లేరు.

మంద వెంట పోయే ఆడవాళ్ళున్నారు. పొద్దు పొడవకముందే లేచి రొట్టెలు కొట్టి, సామాను కట్టి, చంటిపిల్లనూ నిన్న పుట్టిన గొర్రెపిల్లనూ ఒకేసారి మోసుకుని నడుస్తారు. విడిది చేసిన చోట నీళ్ళు వెతకడం, కట్టె ఏరడం, వండడం వాళ్ళ పనే. మగవాళ్ళు మందతో పోతే ఊళ్ళో ఉండిపోయే ఆడవాళ్ళు ఇంకా ఎక్కువమంది. నడవలేని పిల్లల్ని గంప కింద మూసి సాకడం, తల్లి చనిపోయిన పిల్లకు వేరే గొర్రె పాలు అలవాటు చేయడం, కుంటివాటికీ రోగపువాటికీ ఆకు కోసుకొచ్చి వేయడం, ముసలివాళ్ళను చూసుకోవడం, ఉన్న అరెకరం దున్నించడం, అప్పు ఇచ్చినవాడికి జవాబు చెప్పడం, మిగిలిన పొద్దు కూలికి పోవడం. ఏ గొర్రె ఎప్పుడు ఈనింది, ఏది ఎన్నిసార్లు ఈసుకుపోయింది, ఏది మందమైన పాలు ఇస్తుంది అన్నది ఆమె నోటి లెక్క. తొలకరి లేత గడ్డి మేసి చిటుక రోగం తగులుతుందని, పారుడు మొదలైన గొర్రెను వెంటనే విడిగా కట్టాలని ఆమెకు తెలుసు. ఆ తెలివిని మనం 'ఇంటి పని' అంటాం. అదే తెలివి కాలేజీలో నేర్చుకున్నవాళ్ళకు జీతం ఇస్తాం.

గొంగడి సంగతి మరీ స్పష్టంగా ఉంది. దక్కనీ గొర్రె నల్లటి ముతక ఉన్ని ఇస్తుంది. ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తారు. ఆ ఉన్నిని శుభ్రం చేసి, ఏకి, వడకడం ఆడవాళ్ళ పని. గుంట మగ్గం మీద నేయడం ఎక్కువగా మగవాళ్ళ పని. నూలుకు చింతగింజల గంజి పట్టిస్తారు. ఆ గొంగడి వానకు కొప్పెర అవుతుంది, చలికి దుప్పటి అవుతుంది, రాత్రికి పక్క అవుతుంది. మాంసానికి గిరాకీ పెరిగి ఉన్ని లేని నెల్లూరు రకం పొట్టేళ్ళు ఊళ్ళలోకి వచ్చాక దక్కనీ మందలు తగ్గిపోయాయి. ఉన్ని కొనేవాడు లేక, కత్తిరించినందుకు ఎదురు కూలి ఇవ్వాల్సి వస్తున్నది. దీన్ని 'జాతి మార్పు' అని పశుసంవర్ధక లెక్కల్లో రాస్తారు. ఆ మార్పుతో వడికే ఆడవాళ్ళ చేతిలోని నాలుగు రూకలు పోయిన సంగతి ఏ లెక్కలోనూ లేదు. గొర్రె అమ్మిన డబ్బు సంతలో మగవాడి చేతికి వస్తుంది. వడికిన నూలు డబ్బు ఇంట్లో ఆమె చేతిలో ఉండేది.

మేత కోసం పోరాటం మనకు కొత్త కాదు. కాటమరాజు కథ మీలో చాలామంది విన్నదే. కరువొచ్చి ఆవుల మందలు నెల్లూరు సీమకు తరలిపోయాయి. మేపుకున్నందుకు కోడెదూడలు ఇవ్వాలని ఒప్పందం జరిగింది. అది చెడి యుద్ధం దాకా పోయింది. అంటే మేతకు పన్ను ఎంత, ఎవరికి కట్టాలి అన్నది ఈ గడ్డ మీద ఏడు వందల ఏళ్ళకు పైబడిన ప్రశ్న. ఆ కథలో వీరులున్నారు, కత్తులున్నాయి. అన్ని వేల ఆవుల పాలు పితికి, తోడుపెట్టి, చిలికిన చేతుల గురించి ఎవరూ పాడలేదు.

తెల్లవాళ్ళ కాలంలో అడవికి గీత గీశారు. 1871లో పశువుల దౌర్జన్య ప్రవేశం మీద చట్టం తెచ్చి బందెలదొడ్లు బలపరిచారు. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. నిన్నటిదాకా మేపుకున్న చోట పుల్లరి కట్టమన్నారు. పల్నాడు రైతులు, పశువుల కాపరులు 1921లో పుల్లరి కట్టం అని ఎదురు తిరిగారు. వాళ్ళకు నాయకుడైన కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలో పోలీసు కాల్పులకు బలయ్యాడు. స్వాతంత్ర్య పోరాటం అంటూ మనం చెప్పుకునే ఆ ఘట్టం, అసలుకు గొడ్డుకు గడ్డి కోసం జరిగిన పోరాటం.

స్వాతంత్ర్యం వచ్చాక గీత చెరిగిపోలేదు. 1992లో మన రాష్ట్రంలో ఉమ్మడి అటవీ యాజమాన్యం మొదలై వన సంరక్షణ సమితులు ఏర్పడ్డాయి. ఎన్నో ఊళ్ళలో ఆ సమితి మొట్టమొదట తీసుకున్న నిర్ణయం మేకల్ని అడవిలోకి రానివ్వకూడదని. సమితిలో భూమి ఉన్నవాళ్ళ మాట చెల్లింది. మేకలున్నది ఎక్కువగా భూమి లేనివాళ్ళకు, ఒంటరి ఆడవాళ్ళకు. 2015లో తెలంగాణలో హరితహారం వచ్చింది. మొక్కలు నాటడం తప్పని ఎవరం అనం. కానీ ఊరి బీడు, గుట్ట, చెరువు శిఖం అంతా ఖాళీ స్థలంగా కనిపించే కళ్ళకు అక్కడ మేసే మంద కనపడదు. 2019 సెప్టెంబరులో హుజూరాబాద్‌లో నాటిన మొక్కలు తిన్నాయని రెండు మేకల్ని పోలీస్‌స్టేషన్‌కు పట్టుకుపోయి, వాటి యజమానికి వెయ్యి రూపాయల జరిమానా వేశారు. పేపర్లలో చదివి అందరూ నవ్వుకున్నారు. మేక మీద బతికే ఇంటికి వెయ్యి రూపాయలు నవ్వే విషయం కాదు.

మేక అడవిని నాశనం చేస్తుంది కదా అని మన కార్యకర్తలే కొందరు అడుగుతారు. ఏ మందనైనా ఏడాది పొడుగునా ఒకే చోట నిలిపితే ఆ నేల దెబ్బతింటుంది, నిజమే. అందుకే గదా వాళ్ళు నడుస్తున్నది! నడక ఆపించింది మనం. గైరాను భూములు పంచి, కంచెలు అమ్మి, బీళ్ళకు ముళ్ళ తీగ చుట్టి, పాత డొంకదారుల మీద రోడ్లు వేసి, మిగిలిన కాస్త గుట్ట మీద మంద చేరితే ఆ గుట్ట పాడైందని నింద మందకు వేస్తున్నాం.

ఇక పథకాల సంగతి. 2017 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం గొర్రెల పంపిణీ మొదలుపెట్టింది. ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు, 75 శాతం సబ్సిడీ. మనిషి ధర లక్షా ఇరవై అయిదు వేలని లెక్కకట్టారు, అంటే ఒక్కో యూనిట్‌కు. గొల్ల, కురుమ కుటుంబాల పేర ప్రభుత్వం ఇంత ఖర్చు పెట్టడం చిన్న విషయం కాదు. కానీ గొర్రె ఇచ్చారు, మేసే నేల ఇవ్వలేదు. పైగా పథకం అందింది గొర్రెల పెంపకందారుల సహకార సంఘాల సభ్యత్వాన్ని బట్టి. నేను చూసిన సంఘాల్లో సభ్యుల పుస్తకం తెరిస్తే దాదాపు అన్నీ మగవాళ్ళ పేర్లే. పద్దెనిమిదేళ్ళు నిండిన కొడుకు పేరు ఎక్కుతుంది. ముప్పై ఏళ్ళుగా మందను సాకుతున్న తల్లి పేరు ఎక్కదు. మక్తల్ వైపు ఒక ఊళ్ళో మీటింగు పెట్టినప్పుడు ఒక అక్క అన్న మాట మరిచిపోలేను. "గొర్లు ఆయన పేరు మీదున్నయి. నేనెవరో గొర్లకు ఎరుకే, సర్కారుకే ఎరుక లేదు" అంది.

సర్కారుకు ఎరుక లేకపోతే ఏమవుతుంది? భర్త చనిపోతే సభ్యత్వం కొడుక్కో, మరిదికో పోతుంది. గొర్రెల బీమా డబ్బు ఆమె చేతికి రాదు. మందులు పంచే రోజు కబురు ఆమెకు అందదు. శిక్షణకు పిలుపు రాదు. మంద మొత్తం అమ్మేయాలని మగవాళ్ళు కూర్చుని మాట్లాడుకుంటే అక్కడ ఆమెకు మాట ఉండదు. కాగితం మీద పేరు అనేది ఆమెకు అలంకారం కాదు, కూడు.

ఈ విషయంలో ఒక చిన్న మార్పు వచ్చింది. 2024 అక్టోబరులో ప్రారంభమైన 21వ పశుగణనలో మొదటిసారిగా సంచార పశుపోషకుల వివరాలు విడిగా రాసుకోవాలని, పశుపోషణ పని ప్రధానంగా చేసేది ఆడవాళ్ళా మగవాళ్ళా అన్నది అడగాలని నిర్ణయించారు. అడగడం మంచిదే. అయితే 'మీ ఇంట్లో పశువుల పని ఎవరు చేస్తారు' అని గడపలో నిలబడి అడిగితే 'మా ఆయన' అనే మన ఆడవాళ్ళు చెబుతారు. తన పని పని కాదని అంత బాగా నేర్పాం ఆమెకు. ఆ నేర్పు పోగొట్టడం మన సంఘాలు చేయాల్సిన పని.

చట్టం మన చేతిలో లేకపోలేదు. 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(1)(డి) చదవండి. ఒకచోట ఉండేవాళ్ళకూ, రుతువును బట్టి తోలుకుపోయేవాళ్ళకూ, ఇద్దరికీ మేత హక్కు ఉందని, సంచార, పశుపోషక సమూహాలకు రుతువుల వారీగా వనరులను వాడుకునే హక్కు ఉందని అందులో స్పష్టంగా రాసి ఉంది. వాళ్ళు ఊళ్ళో ఉన్న సమయంలోనే దరఖాస్తును విచారించాలని నిబంధనలు చెబుతున్నాయి. జిల్లా కమిటీ ఇలాంటి వాళ్ళ దరఖాస్తులు వచ్చాయో లేదో ప్రత్యేకంగా చూడాలి. సామూహిక హక్కుల ఫారం 'బి'లో మేతకు విడిగా గడి ఉంది. మన ఊళ్ళలో పోడు భూమి పట్టాల కోసం వెళ్ళిన దరఖాస్తులు చాలా ఉన్నాయి. మేత గడి నింపినవి ఎన్ని కనిపిస్తున్నాయో మీరే చెప్పండి.

ఒక ఇబ్బంది ఉంది. గొల్ల, కురుమలు షెడ్యూల్డు తెగల్లో లేరు కాబట్టి మూడు తరాలు, అంటే 75 ఏళ్ళుగా ఆ అడవి మీద ఆధారపడి ఉన్నట్టు చూపాలి. కాగితాలు ఎక్కడినుంచి వస్తాయని భయపడతారు. కాగితం ఒక్కటే సాక్ష్యం కాదు. దరఖాస్తుదారు కాని పెద్దవాళ్ళ వాంగ్మూలాన్ని రాసి పెడితే అది కూడా సాక్ష్యమే. సంప్రదాయంగా మేపుకున్న స్థలాలు చూపడం సాక్ష్యమే. ఏ వాగు దగ్గర ఏ ఏడు విడిది చేశారు, ఏ చింత కింద ఎవరు కన్నారు, ఏ గుట్ట మీద ఏ కరువులో మంద పోయింది, ఇవన్నీ గుర్తున్నది ముసలమ్మలకే. మీ ఊళ్ళో డెబ్బై, ఎనభై ఏళ్ళ ఆడవాళ్ళ దగ్గర కూర్చుని, వాళ్ళు చెప్పిన చోట్లన్నీ రాసి, వేలిముద్ర వేయించండి. ఇన్నాళ్ళూ కబుర్లుగా విన్నది చట్టం ముందు సాక్ష్యమవుతుంది. గ్రామసభ కోరంలో మూడోవంతు ఆడవాళ్ళు ఉండాలి. అటవీ హక్కుల కమిటీలోనూ మూడోవంతు ఉండాలి. ఈ లెక్క కాగితం మీద సంతకాలతో సరిపెట్టకుండా చూసుకోవాల్సింది మనం.

మరొక మాట కూడా దాచకుండా చెప్పుకోవాలి. ఈ బతుకులో అందం ఒక్కటే లేదు. దారిలో చాటు లేదు, బహిష్టు రోజుల్లో నీళ్ళు దొరకవు, నెలలు నిండిన మనిషికి ఆసుపత్రి ఎక్కడుందో తెలియదు. రాత్రి పూట పొలంలో పడుకున్న ఆడపిల్లకు భయం. తల్లి మంద వెంట పోతే తమ్ముణ్ణి చూసుకోవడానికి బడి మానేది పెద్ద కూతురే. సంప్రదాయాన్ని కాపాడాలని మనం అనగానే, ఆ కూతురు చదువు మానాలని ఎవరికైనా వినిపిస్తే అది మన మాట కాదు. ఆమె చదువుకోవాలి. చదివాక మందను వదిలేసినా, మంద వెంటే ఉన్నా అది ఆమె ఇష్టం కావాలి. అందుకు వలస కాలంలో పిల్లలు ఊళ్ళోనే ఉండి చదివే సీజనల్ హాస్టళ్ళు కావాలి, పోయిన చోట రేషను అందాలి, దారి పొడుగునా ఉన్న ఆరోగ్య కేంద్రాలు 'మీది ఈ మండలం కాదు' అనకుండా చూడాలి.

పండుగ ఎలా ఉంటుందో ఇతర దేశాలు చూపించాయి. మాడ్రిడ్ నగరం నడిబొడ్డు నుంచి ఏడాదికోసారి గొర్రెల మందలు నడుచుకుంటూ పోతాయి. చూడ్డానికి జనం బారులు తీరతారు. ఆ వేడుక 1994 నుంచి జరుగుతున్నది. అంతటితో ఆగకుండా స్పెయిన్ 1995లో మందలు నడిచే పాత దారులను కాపాడే చట్టం చేసింది. మంద దారి ప్రజల ఆస్తి అని రాసుకుంది. 2019లో యునెస్కో ఈ రుతువుల వలసను మానవజాతి వారసత్వంగా గుర్తించింది. 2023లో ఆ గుర్తింపును పది ఐరోపా దేశాలకు విస్తరించింది. అక్కడ వేడుక పక్కనే చట్టం ఉంది. మనం నేర్చుకోవాల్సింది ఆ రెండో సగం.

ఇంకొకటి మన దేశంలోనే జరిగింది. 2010 నవంబరులో గుజరాత్‌లోని మేరా గ్రామంలో ఎన్నో దేశాల పశుపోషక మహిళలు సమావేశమై ఒక ప్రకటన చేశారు. దారుల మీద, నేల మీద హక్కు, నిర్ణయాలు చేసే చోట తమకు స్థానం, తమ సంచార జీవితానికి గుర్తింపు కావాలని ఆ ఆడవాళ్ళే అడిగారు. మన తరఫున ఎవరో మాట్లాడనక్కర్లేదని వాళ్ళు చూపించారు.

కాబట్టి ఇక్కడినుంచి వెళ్ళాక మూడు పనులు చేద్దాం. మీ ఊళ్ళోని గొర్రెల సంఘం సభ్యుల జాబితా అడిగి తీసుకోండి. అందులో ఆడవాళ్ళు ఎంతమందో లెక్కపెట్టి, చేరాలనుకునే వాళ్ళతో దరఖాస్తులు పెట్టించండి. మంద నడిచే దారులు, విడిది చేసే చోట్లు, నీళ్ళు తాగే కుంటలు ముసలమ్మల నోట విని పటం గీయండి. దాన్ని గ్రామసభలో చదివించి, అడవి ఉన్న చోట ఫారం 'బి'కి జోడించండి, అడవి లేని చోట బీళ్ళు, గైరాను భూములు ఎవరికీ కట్టబెట్టకూడదని తీర్మానం రాయించండి. మూడోది, మొక్కలు ఎక్కడ నాటాలో నిర్ణయించే రోజున మేకలున్న ఆడవాళ్ళు ఆ మీటింగులో కూర్చునేటట్టు చూడండి.

ఇవి పెద్ద పనుల్లా కనిపించకపోవచ్చు. సారా దుకాణాల మీదికి ఆడవాళ్ళు కదిలినప్పుడు కూడా మొదట ఊరి రచ్చబండ దగ్గర నలుగురు కూర్చోవడంతోనే మొదలైంది. మంద ఎటూ నడుస్తూనే ఉంటుంది, వాన ఎక్కడుంటే అక్కడికి. దాని వెనకా, దాని ముందూ ఉన్న ఆడమనిషికి తన పేరు, తన దారి తెచ్చిపెట్టగలిగితే పండుగ అప్పుడు నిండుగా చేసుకుందాం.